పై స్వరం ఎవరిది

కోడలికి కోపం వచ్చిన సంగతి ఆ ఇంట్లో అందరికంటే ముందు గిన్నెలకే తెలిసింది. మధ్యాహ్నం కచేరీ ముగించుకుని ఇంటికి రాగానే ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ముందుగదిలో మామగారు బూట్లు విప్పుకుంటూ, కచేరీ బాగానే జరిగిందనీ, ఒక్కచోట మాత్రం చిన్న పొరపాటు దొర్లిందనీ అత్తగారికి చెబుతున్నాడు. ఆ పొరపాటు ఎవరిదో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన చోట అప్పటికే చెప్పేసి వచ్చాడు.

మామా కోడళ్ళిద్దరూ ఊరి బ్యాండులో హారన్ వాయిస్తారు. హారన్ అనగానే బస్సు డ్రైవరు నొక్కేది అనుకుని నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇది చుట్టలు చుట్టలుగా చుట్టిన ఇత్తడి గొట్టం. ఒక కొసన బొటనవేలు పట్టేంత మూతి, రెండో కొసన పళ్ళెమంత నోరు. ఆ నోట్లో కుడిచెయ్యి దూర్చి, ఎడమచేతి వేళ్ళతో వాల్వులనే మీటలు నొక్కుతూ, మూతికి పెదాలు ఆనించి ఊదాలి. గాలి వదిలితే సరిపోదు, పెదాలు వణకాలి. ఆ వణుకు అదుపు తప్పకుండా వెనకనుంచి పళ్ళు కాపు కాయాలి. కింది స్వరాలు ఎడమెడంగా ఉంటాయి కాబట్టి ఎలాగోలా దొరుకుతాయి. పైకి వెళ్ళేకొద్దీ అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడతాయి. వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, కుండ పగిలినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వెనక వరసలో కునికిపాట్లు పడేవాణ్ణి కూడా లేపి కూర్చోబెడుతుంది.

బ్యాండులో హారన్లు నాలుగు. పై స్వరాలన్నీ మొదటి కుర్చీవి. మామగారు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని చేసే రోజులనుంచీ, ఆ ఉద్యోగం నుంచి రిటైరైన తరవాత కూడా, ఆ కుర్చీలోనే ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్ద హారన్ అని పిలిచేవారు. పక్కన రెండో కుర్చీ కోడలిది. ఆమె పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. కాపురానికి వచ్చేనాటికి ఆమెకు సంగీతం ఒక్క ముక్క రాదు. హారన్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ మామగారే నేర్పాడు. విసుక్కోకుండా, కసురుకోకుండా, ఆమె పెదాలు వాస్తే చన్నీళ్ళ గుడ్డ తెచ్చిచ్చి మరీ నేర్పాడు. ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు. అసలు అందుకే అంతకాలం నోరు మూసుకుని ఉంది.

రెండేళ్ళ కిందట ఆయనకు పై పళ్ళన్నీ పోయాయి. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. స్నానాలగదిలో అలమారు మీద పళ్ళు నానబెట్టిన గ్లాసు ఉండేది. దానిమీద ఎప్పుడూ ఒక చేతిరుమాలు కప్పి ఉండేది. ఆ రుమాలు ఎవరూ ముట్టుకునేవారు కాదు. బ్యాండులో ఈ విషయం ఒక్కరికీ తెలియదు. కానీ హారన్‌కి తెలుసు. కింద ఉన్నంతసేపూ బాగానే పలికేది. పైకి వెళ్ళగానే పళ్ళసెట్టు జారేది, స్వరం చీలేది.

ఒకరోజు సాధనలో గట్టి పై స్వరం రాబోతుంటే ఆయన మెడమీద చెమట పట్టడం కోడలు చూసింది. ఏం ఆలోచించకుండానే ఆ స్వరం తనే వాయించేసింది. ఆయన హారన్ పెదాలకు ఆనించుకుని, బుగ్గలు బిగించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చూసేవాళ్ళకు ఆయనే వాయించినట్టు కనబడింది. పక్కపక్క కుర్చీలు, ఒకే రకం హారన్లు, ఆయనే నేర్పిన పద్ధతి. ఎవరు మాత్రం కనిపెడతారు? ఇంటికొచ్చాక ఆయన ఆ సంగతి ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. మరుసటి వారం అలాంటి చోటు రాగానే ఆయన బూటు వచ్చి ఆమె బూటును మెల్లగా తట్టింది. అప్పటినుంచి అదే ఏర్పాటు. బూటు తడితే పై స్వరం ఆమెది, చప్పట్లు ఆయనవి. దానికి ఆమె బాధపడలేదు. పెద్దాయన పరువు నిలబడితే చాలనుకుంది.

ఆ మధ్యాహ్నం కచేరీ కొత్త గ్రంథాలయం ప్రారంభోత్సవానిది. ముందు వరసలో ఊరి పెద్దలంతా కొలువు తీరారు. నెమ్మదిగా సాగే ఒక పాటలో మిగతా బ్యాండు అంతా ఆగిపోతుంది, మొదటి హారన్ ఒక్కటే పైన మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. ఆ చోటు వచ్చింది. బూటు తట్టింది. ఆమె ఊపిరి తీసుకుంది. సరిగ్గా అప్పుడే ఒక ఫోటోగ్రాఫరు వంగి కెమెరా ఆయనవైపు తిప్పాడు. ఆ క్షణంలో ఆయనకేం బుద్ధి పుట్టిందో, తనూ ఊదాడు. రెండు హారన్లు ఒక్కసారి లేచాయి. ఒకటి సరిగ్గానే ఉంది, రెండోది దానికి కాస్త కింద జారిపడింది. సందులో రెండు పిల్లులు ఎదురుపడ్డట్టయింది. ముందు వరసలో ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది. కోడలు వెంటనే ఆపేసింది. ఆయన ఎలాగో కిందికి దిగి, పాట అయిందనిపించాడు.

వాయిద్యాలు సర్దుకునే గదిలో బ్యాండు మాస్టరు వచ్చి, ఏం జరిగిందని అడిగాడు. ఆయన కోప్పడే మనిషి కాడు. అందుకే ఆయన అడిగితే అందరూ ఆగి వింటారు. కోడలు హారన్ గొట్టం ఊడదీసి అందులో చేరిన నీళ్ళు వంపుతోంది. మామగారే చెబుతాడని తల ఎత్తకుండా ఉంది.

ఆయన చెప్పాడు. "అమ్మాయి తొందరపడింది మాస్టారూ. నా చోట్లోకి దూరింది. నేర్చుకుంటుంది లెండి, చిన్నపిల్ల."

ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. గొట్టంలోంచి నీళ్ళు ఆమె కాళ్ళమీదే పడుతున్నాయి, ఆమె చూసుకోలేదు. గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు. కొందరు జాలిగా, కొందరు ఎప్పటినుంచో అనుకుంటున్నదే అన్నట్టు చూశారు. మామగారు మాత్రం హారన్‌ను మెత్తటి గుడ్డతో తుడుచుకుంటున్నాడు. మాస్టరు కొన్నాళ్ళు ఆమెను నాలుగో కుర్చీలో కూర్చోమన్నాడు. మూడో హారన్ వాయించే బ్యాంకు గుమాస్తాను రెండో కుర్చీకి జరిపాడు. అందరిముందూ మామగారిని అబద్ధాలకోరు అనడానికి ఆమెకు నోరు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కినా, ఇంటిదాకా దాన్ని నోట్లోనే మోసుకొచ్చింది.

ఆ సాయంత్రం మొగుడు బస్సుల డిపోలో పని ముగించుకుని వచ్చేసరికి అత్తగారు ఒక మూల, కోడలు ఒక మూల కూర్చుని ఉన్నారు. సంగతి విని అతను తల గోక్కున్నాడు. నాన్నకు వయసైపోయిందనీ, నలుగురిలో చిన్నబోవడం ఆయన తట్టుకోలేడనీ, ఈ ఒక్కసారికి పోనిమ్మనీ నచ్చజెప్పబోయాడు.

"ఆయన పెద్దాయనైతే ఆయన అబద్ధం చిన్నదవుతుందా?" అంది ఆమె. "రెండేళ్ళు ఆయన నోరు నేనయ్యాను. ఆయన తన సొంత నోటితో నా మీదే నింద వేశాడు."

 తండ్రిదగ్గరికి వెళ్ళి అడగమంటే, ఆయన పడుకున్నాడని చెప్పాడు మొగుడు. ఆయన పడుకోలేదు. ముందుగదిలో పేపరు తిరగేస్తున్న చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ఆమె పళ్ళు పటపటా కొరికింది. ఆ పని మామగారు దర్జాగా చెయ్యలేడని గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది గానీ, ఆ నవ్వు ఎవరికీ కనబడనివ్వలేదు.

మర్నాటినుంచి ఆమె సాధన పద్ధతి మార్చింది. ఇదివరకు వెనకగదిలో తలుపు వేసుకుని, హారన్ నోట్లో గుడ్డ కుక్కి, ఇరుగుపొరుగులకు ఇబ్బంది లేకుండా వాయించుకునేది. ఇప్పుడు తలుపు బార్లా తీసింది, గుడ్డ తీసి పారేసింది. దుకాణం నుంచి రాగానే కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, కచేరీలో చెడిపోయిన ఆ ఒక్క చోటే మొదలుపెట్టేది. పైన పట్టుకుని, మెట్టు మెట్టుగా కిందికి దిగేది. మళ్ళీ పైకి. ఒక్కసారి కూడా తప్పేది కాదు. కోపంతో వాయిస్తే స్వరం గరుకుగా వస్తుందని మామగారే ఒకప్పుడు నేర్పాడు. అందుకని ఆమె తన కోపాన్నంతా ఊపిరిలోకి దించుకుని, స్వరాన్ని మాత్రం వెన్నలా వదిలేది. అలా వాయిస్తేనే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంటుందని ఆమెకు తెలుసు.

ఆయన పేపరు చదివేవాడు. పేజీ తిప్పకుండా చాలాసేపు చదివేవాడు. ఒకరోజు ఇక ఉండబట్టలేక, తల నొప్పిగా ఉంది, తలుపు వెయ్యమని భార్యతో అన్నాడు. అత్తగారు లేచి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు సరికదా, గాలికి మూసుకుపోకుండా దానికో ముక్కాలిపీట అడ్డం పెట్టి వచ్చి కూర్చుంది. మొగుడి హారన్ ఏదో, కోడలి హారన్ ఏదో ఆవిడకు ఏనాటినుంచో తెలుసు. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి వింటున్న చెవులు కదా.

తరవాతి సాధన రోజు వచ్చింది. సాధన హాలు అగ్నిమాపక కేంద్రం మీది అంతస్తులో ఉంటుంది. కింద బండి బయల్దేరితే పైన కుర్చీలన్నీ అదురుతాయి. అదే పాట మళ్ళీ తీశారు. కోడలు నాలుగో కుర్చీలో, వరస చివర కూర్చుంది. ఆ చోటు దగ్గర పడింది. అలవాటు కొద్దీ పెద్దాయన బూటు పక్క బూటును తట్టింది. బ్యాంకు గుమాస్తా ఉలిక్కిపడి, తన కాలే అడ్డంగా ఉందనుకుని, క్షమించమని కాలు వెనక్కి లాక్కున్నాడు.

పెద్దాయన ఊదాడు. స్వరం పగిలింది. మాస్టరు కర్ర ఎత్తి ఆపి, ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ పగిలింది. మూడోసారి గాలి తప్ప ఏమీ రాలేదు.  కోడలు హారన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ స్వరం ఆమె పెదాల మీదే ఉంది. ఎత్తి ఊదితే చాలు, ఆయన గట్టెక్కుతాడు. వరస ఆ కొసనుంచి ఆయన ఒక్కసారి ఆమెవైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, హారన్ ఎత్తలేదు. ఆయన వాల్వు పట్టేసిందనీ, నూనె వెయ్యాలనీ ఏదో గొణిగి బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆమెకు మనసు బాగాలేదు. ఇక చాలు, ఆయన తప్పు తనదేనని ఒక్కమాట అంటే తనే మళ్ళీ సర్దుకుపోదామనుకుంది. రేపో మాపో ఆయనే మాస్టరుతో నిజం చెబుతాడనుకుంది. తరవాతి సాధనకు ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ముందుగా వెళ్ళి, మాస్టరుతో ఏదో మాట్లాడుతున్నాడు. అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, ఒక సంగతి చెప్పాలన్నాడు. 

రెండేళ్ళుగా తను ఎవరికీ చెప్పకుండా కోడలికి ప్రత్యేకంగా తరిఫీదు ఇస్తున్నానని ఆయన చెప్పాడు. కష్టమైన చోట్లన్నీ కావాలనే ఆమెకు వదిలేసి, తను ఊరుకుని విన్నానన్నాడు. ఆ రోజు జరిగిన పొరపాటు కూడా ఆ శిక్షణలో భాగమేనన్నాడు. ఇప్పుడు ఆమె తయారైందని తనకు నమ్మకం కుదిరిందనీ, ఇన్నేళ్ళ తన కుర్చీని సంతోషంగా తన శిష్యురాలికి ఇస్తున్నాననీ ముగించాడు. ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. బాజా వాయించే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అందరూ కోడలివైపు తిరిగి, ఆమె కృతజ్ఞత కోసం ఎదురుచూశారు.

ఆమె ఒళ్ళు భగ్గుమంది. మొదటి అబద్ధం భయంతో ఆడాడని ఎలాగో సరిపెట్టుకుంది. ఇది తీరిగ్గా ఇంట్లో కూర్చుని, తన సాధన వింటూ, అల్లుకున్న అబద్ధం. ఆమె హారన్‌ను కుర్చీలో పెట్టి లేచింది. గొంతు పెంచలేదు.

"మీరు ఇవ్వడానికి ఆ కుర్చీ మీ దగ్గర లేదు మామయ్యా. రెండేళ్ళుగా దాని పని నేను చేస్తున్నాను. మీరు తరిఫీదు ఇవ్వలేదు, బూటుతో తట్టారు. నేను వాయించాను. ఆ రోజు తట్టి కూడా మీరూ ఊదారు. ఎవరు తొందరపడ్డారో ఒక్కమాట చెప్పండి. నాకు కుర్చీ అక్కర్లేదు, ఆ మాట చాలు."

 పెద్దాయన మొహం కందగడ్డలా అయింది.

"నోట్లో పళ్ళు లేవని నలుగురిలో చెప్పుకోమంటావా?" అన్నాడు.

"నాకు వాయించడం రాదని నలుగురిలో చెప్పారుగా."

 ఆయన హారన్‌ను పెట్టెలో కుక్కాడు. మూత సగం తెరుచుకుని ఉండగానే చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కింద బండి ఏదీ బయల్దేరలేదు గానీ, కుర్చీలన్నీ అదిరినట్టే అనిపించింది ఆమెకు.

ఆ తరవాత బ్యాండు రెండుగా చీలింది. పెద్దాయన్ని అలా బజారుకీడ్చి ఉండకూడదని కొందరు, ఇంకా ముందే అనాల్సిందని కొందరు. బాజా ఆవిడ ఆమెతో మాట్లాడటం మానేసింది. మొదటి కుర్చీలో వచ్చి కూర్చోమని మాస్టరు అడిగితే ఆమె ఒప్పుకోలేదు. ఆయన ఇచ్చాడనీ వద్దు, మీరు ఇచ్చారనీ వద్దు, పరీక్ష పెట్టమంది. హాలు మధ్య తెర కట్టారు. బ్యాంకు గుమాస్తా, పక్క ఊరినుంచి వచ్చిన ఇంకొకాయన, ఆమె, ఒకరి తరవాత ఒకరు తెర వెనక వాయించారు. ఎవరు ఎవరో తెలియకుండా మాస్టరూ మరో ఇద్దరూ విన్నారు. ఆమె నెగ్గింది. నెగ్గినందుకు గుమాస్తా అందరికంటే ఎక్కువ సంతోషించాడు. పై స్వరాల పీడ విరగడైందని ఆమెతోనే చెప్పాడు.

ఇంట్లో మాత్రం మామగారు ఆమెతో మాట మానేశాడు. కావలసిందేదైనా అత్తగారికి చెప్పేవాడు, అత్తగారు పక్కనే నిలబడ్డ కోడలికి చెప్పేది. కొన్నాళ్ళకు ఆవిడకు విసుగు పుట్టింది. ఒక ఉదయం స్నానాలగదిలోంచి గ్లాసు తెచ్చి, దాని మీది రుమాలు తీసేసి, భోజనాల బల్ల నట్టనడుమ పెట్టింది.

"ఇంట్లో అందరికీ తెలుసు. బ్యాండులో అందరికీ తెలిసింది. ఇంక ఎవరికోసం దాస్తారు?" అంది మొగుడితో. "పళ్ళు పోయినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. పిల్లమీద అభాండం వేసినందుకు అన్నారు. ఆ రెండూ కలిపేసి మూల కూర్చోకండి."

కొడుకు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. పెద్దాయన గ్లాసులోంచి పళ్ళు తీసి నోట్లో పెట్టుకుని, బయటికి వెళ్ళిపోయాడు.

ఆయన బ్యాండుకు తిరిగొచ్చిన రోజున ఎవరూ పలకరించలేదు, ఏమనాలో తెలియక. ఆయన మొదటి కుర్చీని దాటుకుని, వరస చివరికి వెళ్ళి నాలుగో కుర్చీలో కూర్చున్నాడు. అక్కడివన్నీ కింది స్వరాలు, వాటికి ఉన్న పళ్ళు చాలు. మాస్టరు కర్ర ఎత్తబోతుంటే ఆయన ఆగమన్నాడు.

"గ్రంథాలయం దగ్గర తప్పు నాది. అమ్మాయిది కాదు," అన్నాడు. నోటుపుస్తకంలోంచి చదువుతున్నట్టు, ఎవరివైపూ చూడకుండా అన్నాడు. ఆ మాట అయ్యాక ఇంకేదో కలపబోయి, ఆపుకున్నాడు.

కోడలు ఆ మాటకోసం ఎన్నాళ్ళనుంచో కాచుకుంది. వినగానే కోపమంతా చేత్తో తీసేసినట్టు పోతుందనుకుంది. పోలేదు. ఇంత చిన్నమాటకు ఇంత రభస చెయ్యాల్సి వచ్చిందే అని ఇంకో మంట పుట్టింది. అయినా వినాల్సింది వింది కాబట్టి, తల ఊపి హారన్ ఎత్తింది.

ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటారు. మునుపటిలా ఆయన చెప్పడం, ఆమె తలాడించడం లేదు. సాధన అయ్యాక బస్సులో పక్కపక్కనే కూర్చుని, నలుగురూ తిరిగి చూసేటట్టు వాదించుకుంటారు. మొన్న పాటలో రెండో చరణం ఆమె సాగదీసిందన్నాడు ఆయన. సాగదీసిన మాట నిజమే, కానీ ఊపిరి మీరు చెప్పినచోట తీసుకుంటే స్వరం చచ్చిపోతుంది, ఆ పద్ధతి మీరు నాకు తప్పు నేర్పారు అంది ఆమె. నేను నేర్పకపోతే నీకు పెదాలు ఆనించడమే వచ్చేది కాదన్నాడు ఆయన. అది నిజమే, అంది ఆమె, అయినా తప్పు తప్పే. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఇద్దరూ తర్వాతి స్టాపులో దిగి, హారన్ పెట్టెలు మోసుకుంటూ, అదే గొడవ పడుతూ వెనక్కి నడిచారు.